రోజు కిరాయి ఇళ్లు: తాళం ఇచ్చేదొకరు, జవాబు చెప్పేదెవరు?

క్లుప్తంగా: దక్షిణ తెలంగాణలో యాదగిరిగుట్ట నుంచి సోమశిల దాకా ఇళ్లు, ఫామ్‌హౌస్‌లు రోజు లెక్కన కిరాయికి వెళ్తున్నాయి. వీటికి చట్టాలే లేవనడం సరికాదు. భూమికి, కరెంటుకు, పన్నుకు, వినియోగదారుడి రక్షణకు వేర్వేరు చట్టాలున్నాయి. యజమానికీ, వచ్చి దిగేవాళ్లకూ మధ్య నిలబడి డబ్బు తీసుకునే ఏజెంటును బాధ్యుడిని చేసే నియమం మాత్రం లేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం అతన్ని అమ్మకం దగ్గర గుర్తిస్తుంది, కిరాయి దగ్గర గుర్తించదు.

మన్ననూరు గేటు పడ్డాక

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా పోతుంది. రాత్రి 9 గంటలకు మన్ననూరు చెక్‌పోస్టు గేటు పడితే మళ్లీ తెరిచేది పొద్దున 6 గంటలకే. పది నిమిషాలు లేటుగా వచ్చిన కారు కూడా అక్కడ ఆగాల్సిందే. పిల్లలు నిద్రలో ఉంటారు, పెద్దవాళ్లకు నడుం పట్టేసి ఉంటుంది. టీ కొట్టు దగ్గర అడిగితే ఒక ఫోన్ నంబర్ ఇస్తారు. "రూం ఉంది సార్, ఫ్యామిలీయేనా?" అని అవతలి గొంతు అడుగుతుంది. రేటు ఫోన్లోనే తేలుతుంది, సగం డబ్బు ఫోన్‌పేలో పోతుంది. పది నిమిషాల్లో బండి మీద ఒక కుర్రాడు వచ్చి తాళం తీస్తాడు.

ఈ లావాదేవీలో నలుగురున్నారు. ఇంటి యజమాని హైదరాబాద్‌లోనో, ఇంకా దూరంలోనో ఉంటాడు. ఫోన్లో మాట్లాడింది ఏజెంటు. తాళం తీసింది కేర్‌టేకర్. నాలుగో వాళ్లు వచ్చి దిగిన కుటుంబం. గీజర్ పనిచేయకపోతే కేర్‌టేకర్‌కు ఫోన్ చేస్తారు, అంతవరకు చిక్కు లేదు. గీజర్ షాక్ కొడితే? పిల్లాడు ఈతకొలనులో జారి పడితే? అడ్వాన్స్ తీసుకుని అదే గదిని ఇంకొకరికి ఇచ్చేస్తే? ఆ కుటుంబం చేతిలో ఉన్నది ఒక ఫోన్ నంబర్, ఒక యూపీఐ పేరు మాత్రమే. రోజు కిరాయి ఇళ్ల నియంత్రణ గురించిన చర్చంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

గిరాకీ ఎందుకు, ఎప్పుడు

దక్షిణ తెలంగాణలో ఈ వ్యాపారం ఒకే కారణంతో పెరగలేదు. యాదగిరిగుట్ట హైదరాబాద్‌కు దాదాపు 60 కిలోమీటర్లు. పునర్నిర్మించిన ఆలయంలో 2022 మార్చి 28న దర్శనాలు మొదలయ్యాక శని, ఆదివారాల రద్దీ తీరే మారిపోయింది. అంతకుముందే, 2015లో ఆలయ అభివృద్ధి సంస్థ ఏర్పడినప్పటి నుంచి రాయగిరి, భువనగిరి, ఆలేరు వైపు వెంచర్లు వరసగా లేచాయి. అప్పుడు ప్లాట్లు అమ్మినవాళ్లలో కొందరు ఇప్పుడు అవే ప్లాట్లలో కట్టిన ఇళ్లను రోజు కిరాయికి తిప్పుతున్నారు. ఏజెంటు ఈ కథలోకి కొత్తగా రాలేదు, మొదటి నుంచీ ఉన్నాడు.

నాగార్జునసాగర్ లెక్క వేరు. అక్కడి గిరాకీ క్యాలెండర్‌ను బట్టి ఉండదు, కృష్ణకు వచ్చే వరదను బట్టి ఉంటుంది. పైన జూరాల, శ్రీశైలం నిండి సాగర్ 26 గేట్లు ఎత్తిన వారం రూం దొరకడం కష్టం. గేట్లు దించిన మర్నాటి నుంచి ఖాళీ. 2022లో ప్రారంభమైన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం ఏడాది పొడుగునా కొంతమందిని రప్పిస్తున్నా, పెద్ద రద్దీ మాత్రం నీళ్లతోనే. సోమశిల ఇప్పుడిప్పుడే ఈ దారిలోకి వస్తోంది. అక్కడ కృష్ణ మీద సిద్ధేశ్వరం వైపు వంతెనకు 2022లో ఆమోదం వచ్చింది. సోమశిల–నల్లమల పర్యాటక ప్రాజెక్టుకు 2024లో కేంద్రం 68.10 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇలాంటి వార్త వచ్చిన మర్నాడే కొల్లాపూర్ వైపు భూమి బేరాల మాట మారుతుంది.

ఎక్కడ చూసినా రద్దీ కొద్ది రోజులదే, ఖాళీ చాలా రోజులది. లాడ్జికి ఇది కష్టం, ఎందుకంటే మనుషులు వచ్చినా రాకపోయినా జీతాలు ఇవ్వాలి. మామూలు ఇల్లు అలా కాదు, తాళం వేసి ఉంచితే ఖర్చు తక్కువ. అందుకే పెద్ద హోటళ్లు రాని చోటికి కూడా రోజు కిరాయి ఇల్లు చేరుతుంది. ఆ మేరకు ఇది నిజంగా ఉపయోగపడే వ్యాపారమే. గుట్ట మీద గదులు, కింద సత్రాలు నిండిపోయిన రోజు ముసలివాళ్లతో వచ్చిన కుటుంబానికి ఒక ఇల్లు దొరకడం చిన్న సాయం కాదు.

నష్టం వేరే వైపు నుంచి వస్తుంది. నెలకు 6,000 కిరాయి వచ్చే రెండు గదుల పోర్షన్ ఉందనుకుందాం. అదే పోర్షన్‌ను శనివారం రాత్రికి 1,500 చొప్పున ఇస్తే నాలుగు శనివారాలతో నెల కిరాయి వచ్చేస్తుంది, మిగతా రోజుల్లో ఏది వచ్చినా లాభమే. యజమాని అటు మొగ్గడం సహజం. ఆ పోర్షన్‌లో ఉండాల్సిన టీచరో, నర్సో, గుడిలో పనిచేసే మనిషో ఊరి చివరికి జరుగుతారు. చిన్న ఊళ్లో కిరాయి ఇళ్లు ఉండేవే కొన్ని కాబట్టి, అందులో పదో ఇరవయ్యో ఇటు మళ్లినా మిగతా ఇళ్ల కిరాయి పెరుగుతుంది.

ఏజెంటు చేసే పనులు

"ఏజెంటు" అనే ఒక్క మాట కింద చాలా రకాల పనులున్నాయి. పాత పద్ధతి పరిచయం చేయడం: ఇల్లు చూపించి, బేరం కుదిర్చి, కమీషన్ తీసుకుని పక్కకు తప్పుకుంటాడు. రెండోది నిర్వహణ. ఫొటోలు తీయించి ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్‌లలో పెట్టడం, ఫోన్లు ఎత్తడం, దుప్పట్లు ఉతికించడం, కేర్‌టేకర్‌ను పెట్టడం, వచ్చిన దాంట్లో వాటా తీసుకోవడం. మూడోది ఇంటిని ఏడాదికి మొత్తంగా తనే కిరాయికి తీసుకుని, రోజు లెక్కన మళ్లీ తిప్పడం. ఇక్కడ లాభనష్టాలు అతనివే. అయినా కాగితంలో "నివాసం కోసం" అనే రాసి ఉంటే, ప్రమాదం జరిగిన రోజు యజమానికి టెన్షన్ తప్పదు. తన ఇంట్లో ఏం నడుస్తోందో తనకు తెలియదని అతనే నిరూపించుకోవాలి.

నాలుగోది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది. భూమి అమ్మేటప్పుడే కిరాయి ఆశ చూపించడం. "ఐదు గుంటలు తీసుకోండి, చిన్న కాటేజీ మేమే కట్టిస్తాం, మేమే నడిపిస్తాం, నెలకు ఇంత గ్యారంటీ" అనే మాట షాద్‌నగర్, జడ్చర్ల, చౌటుప్పల్ వైపు భూమి చూసిన చాలామందికి కొత్త కాదు. ఈ ఒక్క వాక్యంలో అమ్మకం, నిర్మాణం, కిరాయి, పెట్టుబడి అనే నాలుగు వ్యాపారాలు కలిసిపోయి ఉన్నాయి. వాటికి చట్టాలు మాత్రం విడివిడిగా ఉన్నాయి.

రెరా ఎక్కడి దాకా వస్తుంది

2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలంటుంది. నమోదు లేకుండా అమ్మకాలు కుదిర్చితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. నమోదు కాని ప్రాజెక్టులో ప్లాటు అమ్మించకూడదు. లెక్కల పుస్తకాలు ఉంచాలి. ఇవ్వని సేవలను ఇస్తామని ప్రచారం చేయకూడదు. కొన్నవాళ్లకు ఇవి గట్టి రక్షణలే.

అయితే ఆ చట్టం ఏజెంటును నిర్వచించిన తీరు చూడాలి. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులోని ప్లాటో, ఫ్లాటో, భవనమో అమ్మకం ద్వారా చేతులు మారేటప్పుడు మధ్యలో ఉండే మనిషే ఏజెంటు. కిరాయి మాట అందులో లేదు. కాబట్టి ఒకే మనిషి పొద్దున ప్లాటు అమ్మించేటప్పుడు చట్టం దృష్టిలో ఏజెంటు, సాయంత్రం అదే వెంచర్‌లో ఇంటిని రాత్రికి కిరాయికి ఇచ్చేటప్పుడు ఏమీ కాదు. రెరా నంబర్ ఉన్న ఏజెంటు కదా అని నమ్మి కిరాయి అడ్వాన్స్ పంపితే, ఆ నంబర్ ఆ లావాదేవీకి కాపలా కాయదు.

గుంటల లెక్కన అమ్మే పొలాలది ఇంకో చిక్కు. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఐదు గుంటలంటే 605 గజాలు, పెద్ద ఇంటి స్థలం అంత. దాన్ని లేఅవుట్ ప్లాటుగా అమ్మితే అనుమతులు, రెరా నమోదు అడుగుతారు. వ్యవసాయ భూమిగా అమ్మినంతకాలం ఇవేవీ అక్కర్లేదన్నది అమ్మేవాళ్ల వాదన. వ్యవసాయ భూమి అయితే మరి అందులో రోజు కిరాయి కాటేజీ ఎలా నడుస్తుంది? కొనేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడిగితే బేరంలోని లోపం అక్కడే బయటపడుతుంది.

గ్యారంటీ వెనక లెక్క

ఊహాత్మకంగా ఒక లెక్క వేసి చూద్దాం. భూమి, కాటేజీ కలిపి 40 లక్షలు. శని, ఆదివారాల రాత్రులు నెలకు ఎనిమిది, రాత్రికి 7,000. ఎనిమిదింటిలో ఐదు రాత్రులు నిండాయనుకుంటే 35,000. ఏజెంటు, యాప్ కలిపి 30 శాతం తీసుకుంటే 10,500 పోయింది. కేర్‌టేకర్ జీతం 15,000. కరెంటు, కొలను శుభ్రం, బట్టల ఉతుకు 6,000. యజమానికి మిగిలింది 3,500. ఏడాదికి 42,000, అంటే పెట్టిన డబ్బు మీద ఒక శాతం. ఎనిమిది రాత్రులూ నిండినా నెలకు 18,200, ఏడాదికి ఐదున్నర శాతం లోపే. మరమ్మతులు, పన్నులు ఇందులో కలపలేదు.

ఈ లెక్కలో చూడాల్సింది అంకెల కన్నా వాటా వేసే తీరు. ఏజెంటు వాటా వచ్చిన మొత్తం డబ్బు మీద, మొదటి రాత్రి నుంచే వస్తుంది. యజమానిది ఖర్చులన్నీ పోయాక మిగిలిన దాంట్లో. కాబట్టి ఏజెంటుకు ఒక ఇంటిని బాగా నడపడం కన్నా ఎక్కువ ఇళ్లను చేర్చుకోవడం లాభం. ఒకే వెంచర్‌లో పది కాటేజీలు ఇరవై అయితే ఒక్కో దానికి వచ్చే బుకింగులు తగ్గుతాయి, అతని మొత్తం ఆదాయం మాత్రం తగ్గదు. యజమానులు, ఏజెంటు ఒకే పడవలో ఉన్నట్టు కనిపించినా లాభం దగ్గర వాళ్ల దారులు వేరు.

కిరాయి మామూలుగా ఇంతే వస్తున్నప్పుడు "నెలకు 40 వేలు గ్యారంటీ" అన్న మాట ఎలా నిలబడుతుంది? కొత్తగా కొన్నవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు ఇస్తున్నంతకాలమే నిలబడుతుంది. అమ్మకాలు ఆగిన నెల కిరాయి కూడా ఆగుతుంది. ఇలాంటి హామీలు కిరాయి చట్టాల పరిధి దాటి, 2019 నాటి అనధికార డిపాజిట్ పథకాల నిషేధ చట్టం, సామూహిక పెట్టుబడులపై సెబీ (పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ) నియమాల దాకా వెళ్లగలవు. ఆ గీత ఎక్కడ దాటారన్నది ఒప్పందంలోని మాటలను బట్టి ఉంటుంది. అందుకే నోటి మాట కన్నా కాగితం ముఖ్యం.

ఇప్పటికే ఉన్న నియమాలు

వ్యవసాయ భూమిని వ్యాపార బసకు వాడాలంటే ముందు నాలా కన్వర్షన్, అంటే సాగేతర భూమిగా మార్పు, చేయించుకోవాలి. ఊరిని బట్టి పంచాయతీ లేదా మున్సిపాలిటీ భవన అనుమతి ఉండాలి. కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే అది కేటగిరీ మార్చాల్సిన వాడకం. వ్యవసాయ మోటారుతో ఈతకొలను నింపడం అయితే రైతు కోసం ఇచ్చిన ఉచిత కరెంటును పక్కదారి పట్టించడమే. 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనుమతి లేని వాడకానికి రెట్టింపు రేటుతో బిల్లు వేయవచ్చు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌తో తరాల తరబడి ఎముకలు వంగిపోయిన నల్గొండ జిల్లాలో భూగర్భ జలం ఎవరికి, దేనికి అన్నది చిన్న ప్రశ్న కాదు.

పన్ను దగ్గర యాప్‌కూ ఫోన్ బేరానికీ తేడా తెలుస్తుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసి జీఎస్టీ నమోదు అక్కర్లేని యజమాని యాప్ ద్వారా గది ఇస్తే, ఆ పన్ను యాప్ సంస్థే కట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజు కిరాయి 7,500 దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. వాట్సాప్‌లో కుదిరిన బేరానికి ఇలాంటి జాడ ఏదీ మిగలదు. ఇదే చట్టంలో బసకు, నివాసానికి మధ్య ఒక గీత కూడా ఉంది. వరసగా 90 రోజులు ఉండి, నెలకు 20,000 దాటని బసకు 2024 జూలై నుంచి మినహాయింపు ఉంది. హాస్టళ్లలో ఉండే విద్యార్థులు, ఉద్యోగుల కోసం తెచ్చింది ఇది.

విదేశీయులు దిగితే బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో అధికారులకు తెలపాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం యాప్ సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే 1915 హెల్ప్‌లైన్, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి.

యజమానులకు ఉపయోగపడే పాత చట్టం ఒకటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం యజమాని అడిగినప్పుడు ఏజెంటు సరైన లెక్కలు చూపించాలి. యజమానికి చెప్పకుండా ఆ వ్యాపారంలో సొంతంగా లాభం చేసుకుంటే, దాన్ని అడిగే హక్కు 216వ సెక్షన్ ఇస్తుంది. 9,000కు గది ఇచ్చి 6,000కే ఇచ్చానని చెప్పే ఏజెంటుకు ఈ రెండు సెక్షన్లూ వర్తిస్తాయి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే మాత్రం అతన్ని ఏజెంటని నిరూపించడమే కష్టం.

మిగతా చోట్ల ఏం చేశారు

న్యూయార్క్ 2023 సెప్టెంబర్ నుంచి గట్టిగా బిగించింది. 30 రోజుల లోపు కిరాయికి యజమాని అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి దించుకోకూడదు, నమోదు కాని ఇంటి బుకింగును యాప్ తీసుకోకూడదు. బార్సిలోనా 2028 నవంబర్ నాటికి పది వేలకు పైగా పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులు ముగించాలని నిర్ణయించింది. ఇవి ఉండటానికి ఇళ్లే దొరకని మహానగరాల మందులు. మన్ననూరుకో, సోమశిలకో వాటిని యథాతథంగా తెస్తే ఇప్పుడిప్పుడే పైకొస్తున్న చిన్న ఆదాయం కూడా పోతుంది.

దేశంలో గోవా 1982 నాటి పర్యాటక వ్యాపార నమోదు చట్టం కింద బస ఇచ్చేవాళ్ల చేత నమోదు చేయిస్తోంది. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఆరు గదుల పరిమితి, యజమాని కుటుంబం అక్కడే ఉండాలన్న షరతు ఉన్నాయి. కేరళ హోమ్‌స్టేలదీ ఇంచుమించు ఇదే తీరు. ఇంటివాళ్లు ఉన్నచోట సగం సమస్యలు వాళ్ల కళ్లముందే తీరిపోతాయి.

మరి యజమాని ఊళ్లో లేకపోతే? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది జపాన్. అక్కడ 2018 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ఏడాదికి 180 రోజుల పరిమితి పెట్టింది. అంతకన్నా మనకు పనికొచ్చేది దాని రెండో నియమం. యజమాని అక్కడ ఉండకపోతే, ఇంటి నిర్వహణను ప్రభుత్వం దగ్గర నమోదైన నిర్వాహకుడికి అప్పగించి తీరాలి. వచ్చినవాళ్ల రిజిస్టరు, శుభ్రత, భద్రత, పొరుగువాళ్ల ఫిర్యాదులు అన్నీ ఆ నిర్వాహకుడి బాధ్యత. అంటే ఏజెంటును పక్కకు నెట్టలేదు, అతని పనికి ఒక పేరు పెట్టి, పేరుతో పాటు బాధ్యత కూడా అప్పగించారు.

ఇక్కడికి నప్పేది

దక్షిణ తెలంగాణలో గట్టిగా పట్టుకోవాల్సిన చోటు ఇదే. సొంతింట్లో రెండు గదులు ఇచ్చే కుటుంబానికి పంచాయతీలో ఒక సులువైన నమోదు, ఒక నంబర్ సరిపోతాయి. ఫైర్ అనుమతి నుంచి వాణిజ్య పన్ను దాకా పెద్ద హోటల్ నియమాలన్నీ వాళ్ల మీద పెడితే వాళ్లు మానేస్తారు, లేదా చాటుగా నడుపుతారు. యజమాని లేని ఇంటికి మాత్రం ఊళ్లో ఒక బాధ్యుడు ఉండాలి. అతని పేరు, నమోదు నంబర్ ప్రతి ప్రకటనలో, గోడ మీద, రసీదులో కనపడాలి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఫిర్యాదుకు జవాబు కూడా వాళ్లే చెప్పాలి. నిజాయితీగా నడిపే ఏజెంట్లకు దీనివల్ల నష్టం లేదు. ఫోన్ నంబర్ మార్చుకుని మాయమయ్యేవాళ్లతో పోటీ తప్పుతుంది కాబట్టి లాభమే.

ఖర్చు కొంత పెరుగుతుంది, అది రేట్లలో కనపడుతుంది. కొందరు యజమానులు నెల కిరాయికి తిరిగి వస్తారు. అడవి అంచు ఊళ్లలో అటవీ నియమాలతో పొసగని కట్టడాలు బయటపడతాయి. నమోదు చేసే సిబ్బంది పంచాయతీల్లో ఎంతమంది ఉన్నారన్నది అసలైన ఇబ్బంది, కాగితం మీద నియమం రాయడం కన్నా అదే కష్టం.

కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో జరిగాయి, మళ్లీ 2028లో. బీచుపల్లి, సోమశిల, అలంపురం, వాడపల్లి, మట్టపల్లి, సాగర్ ఘాట్ల దగ్గర పన్నెండు రోజుల పాటు ప్రతి గదికీ గిరాకీ ఉంటుంది. వాటికి అడ్వాన్సులు నెలల ముందే చేతులు మారతాయి. ఆ అడ్వాన్స్ తీసుకునే మనిషికి ఒక నమోదు నంబర్ ఉండాలంటే, ఘాట్ల చుట్టుపక్కల పంచాయతీల్లో రోజు కిరాయి ఇళ్ల జాబితా 2027 వానాకాలం నాటికైనా ఒకసారి పూర్తి కావాలి.